ఆ గీతను చావింటికి మోసుకెళ్ళింది మేమే

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. ఘంటసాల గారి భగవద్గీతను శవయాత్రల్లో వేయకుండా ప్రభుత్వం నిషేధించాలని, అలా వేయడం ఆ మహానుభావుణ్ణి అవమానించడమేనని ఆయన రాశారు. ఆయన బాధ నిజమైనదే. అయితే తప్పంతా ఈ మధ్య వచ్చిన వైకుంఠ రథాల డ్రైవర్లదని రాశారు చూడండి, అక్కడే నాకు చురుక్కుమంది. ఆ పిల్లలకేం తెలుసండీ? ఓనరు ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెడతారు, బండి నడుపుతారు. ఆ గీతను చావిళ్ళకు మోసుకెళ్ళింది మాలాంటి మైక్‌సెట్ వాళ్ళం. మా చుట్టుపక్కల నాలుగూళ్ళకు సంబంధించినంతవరకు అది నా చేతుల మీదుగానే జరిగింది.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. ఘంటసాల మాస్టారు పుట్టిన చౌటపల్లికి మా ఊరి నుంచి సైకిలు మీద వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. మా నాన్న మైక్‌సెట్ పెట్టినప్పుడు నేను ఇంకా లాగూలు వేసుకుంటున్నాను. ఒక యాంప్లిఫయరు, రెండు బాకాలు, తాళ్ళు, లారీ బ్యాటరీ, ఒక రేకుపెట్టె నిండా గ్రామఫోను ప్లేట్లు. కరెంటు లేని చోటికి కావిడి మీద మోసుకెళ్ళేవాడు. పెళ్ళి, శ్రీరామనవమి, నాటకం, ఎలక్షను, ఏదైనా సరే రేకుపెట్టెలో సగం ప్లేట్లు ఘంటసాల గారివే. కరుణశ్రీ గారి పుష్పవిలాపం పద్యాలు మొదటిసారి మా బాకాలో విన్న రోజు మా అమ్మ పూలు కోయనంది. రెండు రోజులు కోయలేదు కూడా. మూడో రోజు మామూలే.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో మాస్టారు పోయారని రేడియోలో చెప్పినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆయన వయసు 51. మా నాన్న ఆ రోజు ఎవరూ అడక్కుండానే రామాలయం అరుగు మీద సెట్టు పెట్టి సాయంత్రందాకా ప్లేట్లు తిప్పాడు. ఒక్క ఏడుపు పాట వేయలేదు. మాయాబజార్ వేశాడు, పాతాళభైరవి వేశాడు. బాబాయి ఒకాయన వచ్చి ‘ఇవ్వాళ ఇవేంటిరా’ అని కసిరితే, ‘ఆయన ఇవి కూడా పాడాడు కదా’ అన్నాడు మా నాన్న. ఆ మాట నాకు అప్పుడు బుర్రకెక్కలేదు.

గీత రికార్డు ఆయన కన్నుమూశాక బయటికొచ్చింది. అదీ ఒక కారణమేనేమో. మొదటిసారి విన్నవాళ్ళంతా లేని మనిషి గొంతుగానే విన్నారు. అయినా తొలి రోజుల్లో దాన్ని ఎవరూ చావుకు ముడిపెట్టలేదు. మా ఊళ్ళో పొద్దున్నే రామాలయంలో వేసేవాళ్ళం. పొలానికి పోయేవాళ్ళు పళ్ళు తోముకుంటూ వినేవాళ్ళు. సంస్కృతం ముక్క రానివాళ్ళకు కూడా శ్లోకం వెంటనే తాత్పర్యం తెలుగులో, అదీ అంత నిదానంగా చెప్తుంటే, అది మనకోసం చెప్తున్నట్టే ఉండేది. గీతలో 700 శ్లోకాలుంటే మాస్టారు పాడింది వందకు కొంచెం పైన. తెలుగువాళ్ళలో చాలామందికి గీత అంటే ఆ వంద పైచిలుకు శ్లోకాలే.

క్యాసెట్లు వచ్చాక జరిగిన సంగతి ఇది. మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉండేవాడు. రోజూ గీత వింటేగాని కాఫీ తాగడు. ఆయన పోయినప్పుడు కొడుకు నా దగ్గరికొచ్చి, ‘నాన్నకి ఇష్టం, ఆ క్యాసెట్టు తెచ్చి వెయ్యి’ అన్నాడు. వేశాను. అంతకుముందు మా ఊళ్ళో శవం లేచేటప్పుడు డప్పులే ఉండేవి, మైకు ఉండేది కాదు. ఊరంతా వచ్చింది. ‘ఎంత పద్ధతిగా సాగనంపారు’ అన్నారు. నెల తిరక్కుండా ఇంకో ఇంట్లో చావు. ‘వాళ్ళ నాన్నకి వేశావు, మా నాన్నకి వెయ్యవా?’ అని అడిగారు. ఆ పోయినాయన గీత ఎప్పుడూ విన్నవాడు కాదు, సాయంత్రమైతే ఆయన లెక్క వేరు. అయినా వేశాను. డబ్బులిస్తున్నారు, ఎందుకు వేయను? మూడో ఇంటికి అది ఆచారమైపోయింది. బ్రతికున్నప్పుడు ఇష్టపడి విన్న మనిషికి వేసిన పాట, చచ్చిపోయిన ప్రతివాడికీ వేసే పాటయింది.

ఇంకో సంగతి చెప్తాను, ఇది మైక్‌సెట్ వాడికి తప్ప తెలియదు. నా దగ్గర ఆ గీత క్యాసెట్టు ఇప్పటికీ ఉంది. ఎ సైడు అరిగి, టేపు రెండు చోట్ల అతికించి, గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు ఉంటుంది. బి సైడు కొన్ననాటిలాగే ఉంది. ఎందుకంటే చావింట్లో ఎప్పుడూ ఎ సైడే కావాలి. ‘జాతస్య హి ధ్రువో మృత్యుః’ రెండో అధ్యాయంలోది కదా, అది ఎ సైడులో వస్తుంది. ఆ శ్లోకం దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళ ఏడుపు పెరిగేది. ఏడవద్దని చెప్పే శ్లోకం అది! శవం లేవడం ఆలస్యమైతే వెనక్కి తిప్పి మళ్ళీ ఎ సైడే వేయమనేవాళ్ళు. బి సైడు వేస్తే ‘ఇదేంటి, మార్చు’ అనేవాళ్ళు. అలా ఒక మహానుభావుడు పాడినదాంట్లో సగమే ఊరికి వినిపించాను నేను. ఇప్పుడు ఫ్రీజర్ బాక్సు అద్దెకిచ్చేవాళ్ళు దానితోపాటే చిన్న స్పీకరు ఇస్తున్నారు. అందులో మొదటి పావుగంట మాత్రమే తిరిగి తిరిగి వస్తుంది. ఎ సైడులో కూడా సగమే మిగిలిందన్నమాట.

బి సైడులో ఏముందో చాలామందికి తెలియదు. ‘అహం వైశ్వానరో భూత్వా’ అని పదిహేనో అధ్యాయం శ్లోకం ఉంది. ప్రాణుల కడుపులో జఠరాగ్నిని నేనే, తిన్నదాన్ని అరిగించేది నేనే అంటాడు కృష్ణుడు. చాలా ఇళ్ళల్లో భోజనం ముందు చదువుకునే శ్లోకం. ఆరేడేళ్ళ క్రితం మా మేనకోడలి పెళ్ళిలో భోజనాల పందిట్లో అది వేశాను. సరైన చోటే కదా అని నా ధీమా. మొదటి పంక్తిలో పప్పు వడ్డిస్తున్నారు. మాస్టారి గొంతు లేచిందో లేదో, పంక్తి మొత్తం చేతులాపేసి నా వైపు చూసింది. మగపెళ్ళివారి తరఫు పెద్దావిడ లేచి నిలబడి, ‘ఎవరు పోయారు బాబూ?’ అంది. మా బావ పరుగెత్తుకొచ్చి వైరు పీకాడు. వైశ్వానరుడు సంగతి చెబుదామనుకున్నాను గాని, మా అక్క చూసిన చూపుకు నోరు లేవలేదు.

దానికంటే నాకు గట్టిగా తగిలింది మా మనవడి మాట. మూడో తరగతి. టీవీలో గీత వస్తుంటే చెవులు మూసుకున్నాడు. ‘అది చచ్చిపోయినోళ్ళ పాట తాతా, రాత్రి కలలోకి వస్తుంది’ అన్నాడు. వాడికి ఘంటసాల అంటే ఎవరో తెలియదు. ఆ గొంతు అంటే మాత్రం భయం. 40 ఏళ్ళ సంపాదనలో నా వాటా ఇది.

అందుకే ఆ పాఠకుడితో నాకు ఒక్కచోటే తేడా. నిషేధిస్తే ఏమవుతుంది? చావిళ్ళల్లో ఆగుతుంది. పెళ్ళిళ్ళల్లో, బడుల్లో, గుళ్ళల్లో మొదలవుతుందా? అవదు. ఉన్న ఒక్క చోటు కూడా పోతుంది. పైగా తండ్రి పోయిన కొడుకు ఆ గొంతు వింటూ నాలుగడుగులు వేయగలుగుతున్నాడంటే, దాన్ని ఆపడానికి నాకు మనసొప్పదు. ఆ గొంతుకు ఊరట ఇచ్చే గుణం ఉంది. అక్కడ వేయడం తప్పు కాదు. అక్కడ తప్ప ఇంకెక్కడా వేయకపోవడమే తప్పు.

అసలు పోయిన గాయకుడి పాటకు పెద్దదిక్కు ఎవరండీ? మా మేనల్లుడు వకీలు గారి దగ్గర గుమాస్తా, వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. పాట రాసినవాళ్ళకు, వరస కట్టినవాళ్ళకు వాళ్ళు పోయాక 60 ఏళ్ళదాకా హక్కుంటుందట. రికార్డుకైతే విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళట. ఆ లెక్కన 1957 నాటి మాయాబజార్ రికార్డుకు గడువు 2017తో తీరింది. అందులో పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు కాబట్టి ఆ మాటల మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. మాస్టారు కట్టిన వరసలకు 2034 చివరిదాకా. ఆ హక్కులు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయాయన్నది మళ్ళీ వేరే చిక్కుముడి. పాత హెచ్‌ఎంవీ ఇప్పుడు సరిగమ అయింది, గీత రికార్డు వాళ్ళది. సర్కారు తన వంతు చేసింది. విజయవాడలో సంగీత కళాశాలకు ఆయన పేరుంది, రవీంద్రభారతిలో విగ్రహం ఉంది, 2003లో తపాలా బిళ్ళ వేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ గొంతు జనం చెవిలో ఎక్కడ, ఎప్పుడు, ఎలా పడుతోందో చూసుకునే పని మాత్రం ఎవరిదీ కాదు. అది మైక్‌సెట్ వాడి చేతిలో, ఇప్పుడైతే ఫోను చేతిలో పడింది.

ఫోను సంగతి కూడా చెప్పనివ్వండి. యూట్యూబులో ‘ఘంటసాల విషాద గీతాలు’ అని ఒక మూట, ‘ఘంటసాల భక్తి గీతాలు’ అని ఇంకో మూట. కింద రాసినవారి పేరుండదు, సంగీతం ఎవరిదో ఉండదు, ఏ సినిమానో కూడా ఒక్కోసారి తప్పే. దేవదాసు పాటలు వేసి పైన ఘంటసాల బొమ్మ ఒక్కటే పెడతారు. ఆ వరసలు చాలావరకు సి.ఆర్. సుబ్బరామన్ గారివి. ఆ సినిమా 1953లో వచ్చేసరికి ఆయన బతికి లేరు, తన పాటలు జనం ఎలా నెత్తిన పెట్టుకున్నారో చూసుకోలేదు. అలాంటి మనిషి పేరు ఎగరగొట్టడానికి చేతులెలా వస్తాయో! మాయాబజార్‌లోనూ అంతే. సాలూరి రాజేశ్వరరావు గారు కొన్ని పాటలకు వరసలు కట్టి తప్పుకుంటే, మిగతాదంతా మాస్టారు నడిపించారు. ఈ సంగతి చెబితే మాస్టారి గొప్ప తగ్గుతుందా? ఇంకొకరి వరసను తన పని అనుకుని అంత అందంగా తీర్చిదిద్దాడని పెరుగుతుంది.

ఈ విషయంలో బాలు గారిని చూసి నేర్చుకోవాలి. 1996లో ఈటీవీలో మొదలుపెట్టిన కార్యక్రమానికి పేరే మాస్టారి పాట నుంచి వచ్చింది, పాడుతా తీయగా. మూగమనసులులోది, ఆత్రేయ గారి రచన, మహదేవన్ గారి సంగీతం. చూడండి, బాలు గారి పుణ్యమా అని నాలాంటివాడికి కూడా ఈ మూడు పేర్లూ నోటికొస్తున్నాయి. పిల్ల పాడటం అయ్యాక ఆయన రాసినాయన పేరు, వరస కట్టినాయన పేరు చెప్పి, మాట ఎక్కడ విరిచారో, ‘ణ’ ఎందుకు సరిగ్గా పడలేదో చెప్పేవారు. పాత పాటను బతికించడమంటే అది. తన గురువు కోదండపాణి గారి పేరుతో మద్రాసులో రికార్డింగ్ థియేటరు పెట్టుకున్నదీ ఆయనే. విగ్రహానికైతే ఏడాదికి రెండుసార్లు దండ పడుతుంది, థియేటరుకు రోజూ మనుషులొస్తారు.

ఇప్పుడు బాలు గారి గొంతుకే కష్టం వచ్చింది. ఆయన గొంతును ఏఐతో తయారు చేసి తమకు చెప్పకుండా సినిమాలో వాడారని 2024లో వాళ్ళబ్బాయి చరణ్ గారు లీగల్ నోటీసు పంపారు. మంచి పని చేశారు. మా మనవడికి అన్న వరసయ్యే కుర్రాడు, ఇంజనీరింగు చదువుతున్నాడు, ఫోనులో ఘంటసాల గొంతుతో కొత్త సినిమా పాట ఒకటి వినిపించాడు. అబద్ధం ఎందుకు, మొదటి పది క్షణాలు నేనూ మోసపోయాను. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత ఎక్కడో తేడా కొట్టింది. రెండోసారి విన్నాను. ఊపిరి లేదు! పాత ప్లేట్లలో చెవి పెట్టి వింటే, పద్యం ఎత్తుకునే ముందు మాస్టారు గాలి పీల్చుకోవడం వినబడుతుంది. చివర రాగం తీసేటప్పుడు ఎక్కడ ఆపాలో ఆ ఊపిరే చెప్తుంది. నాటకాలవాళ్ళు రాగాన్ని గంటలకొద్దీ సాగదీసే కాలంలో, మాట అర్థమయ్యేలా విరిచి, రాగం ఎంత కావాలో అంతే పాడిన మనిషి ఆయన. ఆ కుర్రాడికి ఇది చెబితే, ‘తర్వాతి వెర్షన్‌లో ఊపిరి కూడా పెడతారులే పెదతాతా’ అన్నాడు. నాకు టెన్షన్ వచ్చింది, నిజంగా. నేనూ ఆయన్ని వాడుకుని బతికినవాణ్ణే, కాదనను. కానీ నేను వాడింది ఆయన పాడిందాన్ని. ఆయన పాడనిదాన్ని పాడించలేదు.

ఆరాధనోత్సవాల గురించి ఎక్కువ రాయను, చాలామందికి కోపమొస్తుంది. డిసెంబరు 4న జయంతి, ఫిబ్రవరి 11న వర్ధంతి. ఈ రెండు రోజులూ మా చుట్టుపక్కల చాలా సభలకు సెట్టు నాదే. దండలు, జ్యోతి, ఉపన్యాసాలు, శాలువాలు అయ్యేసరికి రాత్రి తొమ్మిది. అప్పుడు ట్రాకు పెట్టుకుని అవే పాతిక పాటలు. 2022లో శతజయంతికీ అవే. విజయనగరంలో జోలె పట్టి మధూకరం తెచ్చుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నాడని ప్రతి వక్తా చెప్తాడు. ఆ సభ జరుగుతున్న ఊళ్ళో సంగీతం నేర్చుకోవాలనుకున్న పేదపిల్లకు నెలకు ఒక వంద రూపాయలిద్దామని ఒక్కరైనా అన్నట్టు నేను వినలేదు. శాలువా వంద కంటే ఎక్కువే ఉంటుంది.

సరే, ఊరికే ఉత్తరం రాసి కూర్చుంటే లాభం లేదని నేను ఒక పని మొదలుపెట్టాను. మా రామాలయం కమిటీ వాళ్ళను బతిమాలి, పొద్దున సుప్రభాతం అయ్యాక గీత వేయడానికి ఒప్పించాను. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వేయకూడదని రూలు కాబట్టి సరిగ్గా 6 దాటాకే వేస్తాను. వరస కూడా మార్చాను. సోమవారం ‘పత్రం పుష్పం ఫలం తోయం’ దగ్గర మొదలుపెడతాను. ఆకో, పువ్వో, పండో, నీళ్ళో భక్తితో ఇస్తే చాలంటాడు కదా, అది. మంగళవారం విశ్వరూపం. అలా రోజుకు పది నిమిషాలు. వెంటనే మాస్టారి పాట ఒకటి, హుషారుది. పాటకు ముందు రాసినవారి పేరు, సంగీతం చేసినవారి పేరు నేనే మైకులో చెప్తాను. నా గొంతు బాగోదని మా ఆవిడ అంటుంది. పేర్లు తప్పు లేకుండా చెప్తే చాలని నేనంటాను. వైకుంఠ రథం నడిపే కుర్రాడితోనూ మాట్లాడాను. మొదటి పావుగంట దగ్గరే తిప్పకుండా చివరిదాకా పోనివ్వమన్నాను. ‘స్మశానం అంత దూరం ఉండదు కదా పెద్దాయనా’ అన్నాడు. అదీ నిజమే.

మొదటి రోజు గుడి మైకులో మాస్టారి గొంతు వినగానే మా వీధిలో ఐదు తలుపులు తెరుచుకున్నాయి. ‘ఎవరంట?’ అంటూ ఇద్దరు భుజాన కండువాలేసుకుని బయల్దేరొచ్చారు కూడా. ఒకాయన పై వీధిలో మంచాన ఉన్న తన వియ్యంకుడేమోనని పరుగెత్తాడు. ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. రెండో రోజు ముగ్గురు అడిగారు. ఆ వారమంతా రోజుకు ఒకరో ఇద్దరో. నేను పాత లెక్కల పుస్తకం వెనక రాసి పెట్టుకుంటున్నాను, ఏ రోజు ఎంతమంది అడిగారని. మూడో వారంలో ఒక్కావిడ. అదీ పొరుగూరి నుంచి చుట్టపుచూపుగా వచ్చినావిడ.

ఇది అయిదో వారం. నిన్న ఎవరూ అడగలేదు. టీకొట్టు ఆయన మాత్రం వచ్చి, పేర్లు చెప్పేటప్పుడు సౌండు కొంచెం తగ్గించమన్నాడు.

ఇట్లు,
ఒక పాత మైక్‌సెట్ ఓనరు,
గుడివాడ దగ్గర, కృష్ణా జిల్లా.